కన్యాకుమారిలో రెండు రోజులు ఎక్కువ

మా కాలనీలో ఎల్టీసీ తీసుకున్నవాళ్లు చాలామందే గానీ, నిజంగా రైలెక్కినవాళ్లు తక్కువ. నాలుగేళ్లకోసారి పెళ్లాం పిల్లలతో దేశం చూసి రమ్మని కంపెనీ ఇచ్చే సెలవునూ రైలు చార్జీలనూ కలిపి ఎల్టీసీ అనేవాళ్లు. ఎక్కడినుంచో ఎవరివో వాడేసిన టికెట్లు సంపాదించి, సొంతూరికి పోయి పదిహేను రోజులు పడుకుని, తిరిగొచ్చి కాశీ కథలు చెప్పినవాళ్లు మా లైన్లోనే ఇద్దరున్నారు. ఒకాయనైతే తాజ్‌మహల్ గంగ ఒడ్డునే ఉందని, పొద్దున్నే అందులో మునిగి వచ్చానని చెప్పాడు. మేం పిల్లలం నమ్మాం.

మా నాయన మాత్రం దొంగ టికెట్లు ముట్టనన్నాడు. ఆయన బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్. పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పెద్ద పారతో తట్టలోకి ఎత్తి, తట్టతో పట్టాల మీది టబ్బులోకి పోసే పని. పదిహేడేళ్లుగా అదే చేస్తున్నాడు. ఒక్క నాగా లేదు, ఒక్క చార్జిషీటు లేదు. ఆ గర్వం ఆయనకు తలకెక్కి ఉండేది.

"నేను పొద్దంత చీకట్లనే ఉంటి. ఒక్కసారన్న సముద్రం చూడాలె, పిల్లలకు చూపియ్యాలె," అన్నాడు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. కొత్తగూడెం వైపు అడవిని ఆనుకుని ఉండేది మా కాలనీ. క్వార్టర్ వెనక గోడ దూకితే టేకు చెట్లు, వాటి వెనక గుట్ట. పొద్దున్నే కోయ ఆడవాళ్లు పుల్లల మోపులు దించి మా వాకిట్లో నీళ్లు తాగి పోయేవాళ్లు. నేను ఏడో తరగతి. నా తర్వాత తమ్ముడికి ఎనిమిదేళ్లు, చెల్లికి ఐదు. రెండు గదుల్లో మేం ఐదుగురం, మాతోపాటు మామ.

మామ అంటే అమ్మ తమ్ముడు. తల్లాడ దగ్గరి పల్లెటూరివాడు. అక్కడ రెండెకరాలు ఎండిపోతే, బావ దగ్గరుంటే బాయిలో పనికి ఎక్కొచ్చని వచ్చాడు. వచ్చి మూడేళ్లు. ఇరవైనాలుగేళ్ల మనిషి. ఇంట్లో ఉన్నంతసేపూ నన్ను "కోడలా, కోడలా" అని ఏడిపించేవాడు. నా జడ పట్టుకుని లాగి, నేను తిట్టిన తిట్లకు పడీ పడీ నవ్వేవాడు. నాకున్న నోరు మా ఇంట్లో ఎవరికీ లేదని మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి ఆయన.

మామది బదిలీ ఫిల్లర్ పని. అదెట్లా ఉంటుందో చెప్పాలి. పర్మినెంట్ ఫిల్లర్ ఎవరైనా నాగా పెడితే, ఆ రోజుకు వాళ్ల స్థానంలో ఒక బదిలీని దించుతారు. అందుకోసం వీళ్లు ప్రతి షిఫ్టుకూ బాయి గేటు దగ్గర తువ్వాల భుజాన వేసుకుని నిలబడాలి. పిలిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. దిగిన రోజుకు ఒక మస్టర్ పడుతుంది, అంటే ఒక హాజరు. సంవత్సరంలో నూటతొంభై మస్టర్లు నిండితే మనిషి పర్మినెంట్ అవుతాడు. డిసెంబరు ముగిసేలోపు నిండకపోతే ఆ ఏడు మొత్తం నీళ్లపాలే, జనవరి నుంచి మళ్లీ ఒకటితో మొదలు. మామకు రెండేళ్లు అట్లాగే పోయాయి. ఒక ఏడు పదకొండు తక్కువ, ఒక ఏడు ఆరు తక్కువ.

ఆ మూడో ఏడు డిసెంబరు వచ్చేసరికి ఇంకా పద్నాలుగు కావాలి. డిసెంబరులో బదిలీలకు పని దొరకడం కష్టం. పర్మినెంట్ వాళ్లు కూడా ఏడాది ఆఖరున తమ మస్టర్లు నింపుకోవడానికి జ్వరమొచ్చినా డ్యూటీ ఎక్కుతారు. గేటు దగ్గర నిలబడి నిలబడి మామ తిరిగొచ్చేవాడు. ఆయన ముఖం చూసి అమ్మ అన్నం పెట్టేది.

సరిగ్గా అప్పుడే నాయనకు ఎల్టీసీ మంజూరైంది. నాయన సర్దార్ కాళ్లావేళ్లా పడి, తను లేనన్ని రోజులూ తన జట్టులో బామ్మర్దినే దించాలని మాట తీసుకున్నాడు. సర్దార్ అంటే ఆ జట్టుకు లోపల పెద్ద. సరేనన్నాడు. ఆ రోజు మామ ఇంటికొచ్చి చెల్లిని గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ, "బావా, నువ్వు కాశీ దాకా నడిచి పోయి నడిచి రా, నాకేం తొందర లేదు!" అన్నాడు.

ఇక ప్రయాణం లెక్కలు మొదలయ్యాయి. మా బడిలో ఇంగ్లీషు సారు దగ్గర రైల్వే టైంటేబుల్ పుస్తకం ఉండేది, అట్టలు ఊడిపోయి. అడిగి తెచ్చాను. నాయనకు సంతకం పెట్టడం వరకే వచ్చు. మామ తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. ఇంగ్లీషు అంకెలూ ఊళ్ల పేర్లూ విప్పగలిగింది నేనొక్కదాన్నే. అబ్బో, ఆ పది రోజులు నా పెత్తనం చూడాలి! సాయంత్రం చాప పరిచి, నడుమ పుస్తకం పెట్టి, చుట్టూ అందరినీ కూర్చోబెట్టేదాన్ని. ఎవరైనా పుస్తకం మీద చెయ్యి వేస్తే పెన్సిలుతో వేళ్ల మీద కొట్టేదాన్ని. తమ్ముడు రెండుసార్లు ఏడ్చాడు.

డోర్నకల్‌లో బండి మారి విజయవాడ, అక్కడినుంచి మద్రాసు, రామేశ్వరం, కన్యాకుమారి. అటునుంచి కేరళలోకి పోయి త్రివేండ్రం, తర్వాత బెంగళూరు, తర్వాత సికింద్రాబాద్, ఇల్లు. ఒక చుట్టు చుట్టి వచ్చేదానికి ఒకటే సర్క్యులర్ టికెట్ ఇస్తారట, సారు చెప్పాడు. నాలుగు రాష్ట్రాలు, నాలుగు భాషలు. తల్లాడ దాటి ఎరగని మాకు అవి నాలుగు దేశాలే. తమిళం వాళ్ల దేశంలో ఐదు రాత్రులు, మలయాళం వాళ్ల దేశంలో రెండు రాత్రులు అని చెల్లి వాకిలంతా చాటింపు వేసింది.

"ఆడ మనం తినే అన్నం దొరుకుతదా?" అమ్మ రోజూ అడిగేది.

"లేదు, వాళ్లు మన్ను తింటరు," అనేవాడు నాయన.

"నవ్వకు. పిల్లలకు నీళ్లు పడకపోతే? చిన్నదానికి కడుపు నడిస్తే రైల్ల ఏడికి పోవాలె?"

"రైల్లనే ఉంటది పాయఖాన. నీ లెక్క అడవిల పోరు."

అమ్మ ఆయన వీపు మీద ఒక్కటి చరిచి లేచిపోయేది. కానీ మర్నాటి నుంచే కారం దంచడం, మామిడి తొక్కు డబ్బాకెత్తడం, చినిగిన దుప్పట్లు కుట్టడం. ఏ ఊళ్లో చలి ఉంటుంది, ఏ ఊళ్లో ఉండదు అని నన్ను అడిగి స్వెట్టర్ల లెక్క వేసేది. పన్నెండేళ్ల పిల్లనైన నేను దానికి కూడా జవాబు చెప్పేదాన్ని, ఏమీ తెలియకుండానే.

నా లెక్కలో ప్రయాణం మొత్తం పద్నాలుగు రోజులొచ్చింది. సోమవారం పోతే రెండో ఆదివారానికి ఇంట్లో. నాయన సంబరపడ్డాడు. "మంచిగున్నది. మళ్లీ సోమవారం ఫస్ట్ షిఫ్టుకు దిగుత," అన్నాడు. మామ మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు. పద్నాలుగు రోజుల్లో రెండు ఆదివారాలు పోతే పన్నెండు మస్టర్లు. కావలసింది పద్నాలుగు.

"బావా, ఇంకో రెండు రోజులుండి రారాదు?"

"సరిపోయింది పో. రెండు రోజులు ఎక్కువెందుకు ఉండాలె? ఆడ నాకేం చుట్టాలున్నరా?"

"నాకు రెండు తక్కువైతున్నయి బావా."

"ఎవలో ఒకలు నాగా పెట్టకపోతరా. దొరుకుతయి తీ," అన్నాడు నాయన. ఆయనకు చిరాకొచ్చింది. ఉత్తగా సెలవు పెట్టడమంటే ఆయనకు దొంగతనంతో సమానం. మామ మళ్లీ అడగలేదు.

మర్నాడు నేను వాకిట్లో అంట్లు తోముతుంటే మామ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చినట్టున్నాడు. తువ్వాల భుజాన అట్లాగే ఉంది.

"కోడలా, నీ పుస్తకంల రెండు రోజులు ఏడన్న ఆగెటట్టు లేదా?"

"ఎందుకు ఆగుతం?"

"ఊకెనే. బండి దొరకలేదనో, ఏందో. నువ్వు చెప్తె మీ నాయన ఇంటడు."

ఆయన నవ్వుతూనే అడిగాడు. కానీ కళ్లు నా వైపు లేవు, అంట్ల వైపు ఉన్నాయి. నాతో ఎప్పుడూ అట్లా బతిమాలినట్టు మాట్లాడిన మనిషి కాదు.

నేను చేతులు కడుక్కుని పుస్తకం తీశాను. కన్యాకుమారి నుంచి త్రివేండ్రానికి పోయే బండి ఎదురుగా 'ప్రతిరోజూ' అని ఇంగ్లీషులో ఉంది. ఆ సాయంత్రం చాప మీద కూర్చుని, నాయన కళ్లలోకి చూసి, "నాయనా, నిన్న సరిగ చూళ్లె. కన్యాకుమారి బండి వారానికి రెండు రోజులే ఉన్నదట. మనం పోయిన రోజు లేదు. ఇంకో రెండు రోజులు ఆడనే ఉండాలె," అన్నాను.

"బస్సుల పోతే?"

"బస్సెక్కితే ఎల్టీసీకి చెల్లదు," అన్నాను. అదీ నేను పుట్టించిందే.

నాయన పుస్తకం తన వైపు తిప్పుకుని, నేను వేలు పెట్టిన చోటే తనూ వేలు పెట్టి చూశాడు. చదవడం రాని మనిషి ఆ అక్షరాల్ని అంతసేపు ఎందుకు చూశాడో నాకిప్పటికీ తెలియదు. "సరే, చదువుకున్న బిడ్డవు. సెలవు పదహారు రోజులకే రాపిస్త," అన్నాడు. వెనక గోడకు ఆనుకుని ఉన్న మామ నాకు కన్ను కొట్టాడు. అమ్మ స్వెట్టర్ల లెక్క మళ్లీ మొదలుపెట్టింది. నాకైతే గాల్లో తేలినట్టుంది. పెద్దవాళ్లంతా నా మాట మీద నడుస్తున్నారు!

బయల్దేరిన రోజు మామ స్టేషన్ దాకా రాలేదు, ఆయనకు అదే మొదటి డ్యూటీ. చీకటితోనే లేచి, నాయన తట్టా చెమ్మస్ తీసుకుని, వాకిట్లోనుంచే "పైలం అక్కా, నేను బండికాడికొస్త మీరొచ్చేనాడు!" అని అరిచి పోయాడు. అంతే.

ప్రయాణం గురించి చెప్పాలంటే చాలా ఉంది గానీ చెప్పబుద్ధి కాదు. మద్రాసు స్టేషన్లో తమ్ముడు తప్పిపోయి దొరికాడు. రామేశ్వరంలో చెల్లికి వాంతులు. అమ్మ భయపడ్డట్టే అయింది, కానీ నాయన ఎక్కడా విసుక్కోలేదు. అన్ని ఊళ్లలోనూ ఆయనే ముందు దిగి, మమ్మల్ని ఒక్కొక్కరినే చంకలో చెయ్యేసి దించేవాడు. నేను పెద్దదాన్నన్నా వినేవాడు కాదు.

కన్యాకుమారిలో ఒక సత్రంలో దిగాం. ఒక్క రోజు ఉండాల్సిన చోట మూడు రోజులు. మొదటి రోజు సాయంత్రం నాయన ఒక్కడే, బండి సంగతి కనుక్కొస్తానని స్టేషన్ దాకా పోయాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. తిరిగొచ్చి ఏమీ అనలేదు. వేరుశనగకాయల పొట్లం తెచ్చి మా ముందు పెట్టి, "రేపు కూడ నీళ్లల్లకు పోదాం," అన్నాడు. గండం గడిచిందనుకున్నాను.

ఆ రెండు రోజులూ అమ్మ సముద్రంలోనే ఉంది. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, అల వచ్చినప్పుడల్లా కేకపెట్టి, నాయన చెయ్యి పట్టుకుని. మా అమ్మ అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది. అందరి ముందూ నాయన చెయ్యి పట్టుకున్నది కూడా అక్కడే.

పదహారో రోజు, మంగళవారం సాయంత్రం, మా చిన్న బండి కొత్తగూడెంలో ఆగింది. ప్లాట్‌ఫారం మీద నాయన జట్టులో పనిచేసే ఒకాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు గానీ ముందుకు రాలేదు. అమ్మ చెల్లిని చంకనేసుకుని దిగుతూనే ఆయన వెనక వైపు చూసింది.

"అన్నా, మా తమ్ముడు రాలేదా? బండికాడికొస్తనన్నడు."

ఆయన నాయన భుజం మీద చెయ్యేసి నాలుగడుగులు పక్కకు తీసుకుపోయాడు. నాయన చేతిలో పెట్టె జారి కింద పడింది. తాళం ఊడి బట్టలు బయటికొచ్చాయి. ఎవరూ ఎత్తలేదు.

నిన్న, సోమవారం ఫస్ట్ షిఫ్టులో, బొగ్గు ఎత్తుతుంటే పైనుంచి బండ పడింది. ముగ్గురున్నారు ఆ చోట. ఇద్దరు పక్కకు దూకారు. మామ దూకలేకపోయాడు. దవాఖానా దాకా కూడా ప్రాణం లేదు. తంతి ఇద్దామంటే మేం ఏ రైల్లో ఉన్నామో ఎవరికి తెలుసు? తల్లాడ నుంచి అమ్మమ్మ వచ్చింది. మధ్యాహ్నం దాకా మా కోసం ఆగారు. ఇక ఉంచలేక, మూడు గంటలకు వాగు ఒడ్డున కాల్చేశారు. మేం డోర్నకల్‌లో బండి మారి, స్టేషన్లో కొన్న పులిహోర తింటున్న వేళ అది.

అమ్మ వాగు దాకా పరుగెత్తింది. ఆ మాట రాయడం తప్ప ఆ దృశ్యం చెప్పడం నా వల్ల కాదు. ఇంకా పొగ ఉంది.

ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో కూర్చోడానికి చోటు లేదు. వచ్చిన ప్రతి ఆడమనిషీ అమ్మను పట్టుకుని ఏడ్చేది. ఏడ్చి, ముక్కు చీది, చెవిలో ఒకటే మాట చెప్పేది. "ఏం చేస్తవమ్మా, దేవుడు నీ పుస్తె కాపాడిండు. నీ పెనిమిటి నిలవడే జాగ అది. ఆదివారమే వచ్చుంటే సోమవారం ఆయనే గద దిగేది." చచ్చింది సొంత తమ్ముడు, ఓదార్పేమో పుస్తె మిగిలిందని! మూడో రోజు అమ్మ ఓర్చుకోలేక పక్కింటామెను "నోర్ముయ్, ముందు బయటికి నడువ్," అని అరిచింది. ఆమె అలిగి వెళ్లిపోయింది. నేను గది మూలన దుప్పట్లో ముడుచుకుని అంతా వింటున్నాను. దేవుడు కాదు, నేను. రెండు రోజులు తెచ్చింది నేను. మామను నాయన నిలబడే చోట నిలబెట్టింది నేను.

పన్నెండేళ్ల బుర్రతో ఆ లెక్క ఎన్నిసార్లు వేశానో. అబద్ధం చెప్పకపోతే నాయన పోయేవాడు, మామ ఉండేవాడు. చెప్పాను కాబట్టి మామ పోయాడు, నాయన ఉన్నాడు. ఎటు తిప్పినా ఒకరు పోతున్నారు. నాయన అన్నం తింటుంటే చూసి, అయ్యో నాయన ఉన్నాడని గుండె నిండేది. ఆ నిండినందుకే నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపించేది.

పిట్ ఆఫీసు నుంచి గుమాస్తా ఒకాయన కాగితాల పని మీద వచ్చాడు. మంచివాడే. కానీ నోరు ఆగలేదు. "దిగినాడు గనుక ఆనాటి మస్టర్ కూడా పడ్డది. పదమూడైనయి. ఇంకొక్కటి పడితే పర్మినెంటు లిస్టుల పేరుండేది," అన్నాడు. అమ్మమ్మకు ఆ లెక్క అర్థం కాలేదు. "ఇంకొక్కటి ఎవలన్న ఇస్తరా అయ్యా?" అని అడిగింది. ఆయన తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

బుధవారం నాయన డ్యూటీ ఎక్కాలి. ఎక్కలేదు. ఆయన జీవితంలో మొదటి నాగా అది. ఆ తర్వాత చాలా పెట్టాడు.

ఇక్కడినుంచి పదిహేనేళ్లు ముందుకు పోవాలి. ఆ నడుమ చెప్పదగింది ఏమీ లేదు. చదువు, పెళ్లి. మా ఆయనకు పాల్వంచ థర్మల్‌లో షిఫ్టు ఉద్యోగం. కంపెనీ క్వార్టర్. ఒక కూతురు. నాయన ఊపిరితిత్తులు పాడై ముందే పని మానేశాడు. మెట్టు ఎక్కితే ఆయాసం. అమ్మా ఆయనా అప్పుడప్పుడూ వచ్చి మా దగ్గర పదిరోజులు ఉండి పోయేవాళ్లు.

అట్లా ఉన్నప్పుడే మా ఆయనకూ ఎల్టీసీ వచ్చింది. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి (అప్పటికి టీచరుగా చేస్తున్నాను) నా కూతురు తాత మంచం పక్కన నేల మీద టైంటేబుల్ పుస్తకం పరుచుకుని కూర్చుంది. కొత్తది, అట్టతో సహా. "తాతా, మనం కన్యాకుమారి పోదామా? రైలు ఎన్నింటికుందో చూడనా?" అంటోంది.

నాకేమైందో తెలియదు. చెప్పుల కాళ్లతోనే లోపలికొచ్చి పుస్తకం లాక్కుని వాకిట్లోకి విసిరేశాను. పిల్ల నోరు తెరిచి నన్నే చూసింది. "ఎవరడిగారే నిన్ను? లెక్కలు నీకెందుకు? పెద్దవాళ్లు చూసుకోలేరా?" అని వీపు మీద కొట్టాను కూడా. అది ఏడుస్తూ పక్కింటికి పారిపోయింది. అమ్మ ఇంట్లో లేదు, కూరగాయలకు పోయింది.

నాయన కాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక, "ఇటు రా, కూసో," అన్నాడు.

కూర్చున్నాను.

"చిన్నపిల్ల మీద గంత కోపమెందుకు?"

ఇక ఆగలేదు నా నోరు. పదిహేనేళ్లు పళ్ల వెనక పెట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. "నాయనా, ఆ బండి రోజూ ఉండె. కన్యాకుమారి బండి. పుస్తకంల రోజూ అనే ఉండె. నేనే నీకు అబద్ధం చెప్పిన. మామ అడిగిండు, నేను చెప్పిన. బస్సు సంగతి కూడ అబద్ధమే." చెబుతూ ఆయన మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను.

నాయన కదల్లేదు. "నాకు తెల్సు," అన్నాడు.

"ఏం తెల్సు?"

"బండి రోజూ ఉంటదని. ఆడనే తెల్సింది, మొదటి రోజే. స్టేషన్‌కు పోతి గద? ఒక విజయవాడాయన టీ అమ్ముతుండె. మన తెలుగు ఇని పలకరిచ్చిండు. త్రివేండ్రం బండి మళ్లెప్పుడన్నా అంటె, మళ్లెప్పుడేందన్నా, రోజూ పొద్దున పోతది అన్నడు."

నేను మంచం పట్టీ వదిలేశాను.

"నువ్వెందుకు చెప్పినవో నాకు తెల్వదా? వాడు నన్ను అడిగిండు. నేను కసురుకుంటి. అందుకే నీ కాడికొచ్చుంటడు. టీ తాగుకుంట అనుకున్న, పోనీ తీ, రెండు మస్టర్లు పడ్తయి వానికి, ఎన్నేండ్లని గేటు కాడ నిలవడ్తడు అని. మీ అమ్మ గూడ నీళ్లల్ల సంబరంగ ఉండె. అందుకని ఊకున్న."

"పోదామంటే పోయేటోళ్లమా?"

"తెల్లారి బండికే పోవచ్చు. ఆదివారానికి ఇంట్లుంటుంటిమి." ఆయన ఊపిరి అందక ఆగాడు. "పన్నెండేండ్ల పిల్లవు, నీకేం తెల్సు? నేను తెల్సి ఉన్నోన్ని. సోమవారం దిగాల్సింది నేనే."

నాకు దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది. నా గుణమే అంత. "మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు? నేనే సంపిన నేనే సంపిన అనుకుంట సస్తున్న గద నాయనా!" అని అరిచాను.

ఆయన నా వైపు తిరిగి చూశాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు. "నీకు యాదికున్నదా? నువ్వు మర్చిపోయినవనుకున్న బిడ్డా. యాదికి తెచ్చుడెందుకని నేనే ఎన్నడు మాట తియ్యలే."

ఒకే ఇంట్లో, ఒకే చాప మీద కూర్చుని తింటూ, ఒకరికి తెలియకుండా ఒకరం అదే మోశాం. ఆయన చెయ్యి నా తల మీద పెట్టాడు. బొగ్గు నల్లగా దిగిన పాత గాయాలు ఆ చేతి నిండా. నేను ఆ మంచం మీదే తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

"మీ అమ్మకు మాత్రం చెప్పకు," అన్నాడు నాయన. "ఒకడు తమ్ముడు, ఇంకోన్ని నేను. ఎటు దిక్కు ఏడుస్తది ఆమె?"

గేటు చప్పుడైంది. అమ్మ సంచీతో వచ్చింది. వాకిట్లో పడి ఉన్న పుస్తకాన్ని ఎత్తి దుమ్ము దులుపుతూ, "ఏందీ, తండ్రీ బిడ్డా గట్ల కూసున్నరు?" అంది.

"ఏం లేదమ్మా," అన్నాను.

ఆ ఏడు మేం ఎక్కడికీ పోలేదు. నాయన పోయి రెండేళ్లవుతోంది. అమ్మ నా దగ్గరే ఉంది, కళ్లూ చెవులూ బాగానే ఉన్నాయి. ఏటా డిసెంబరు ఆఖర్లో, మామ పోయిన రోజున, వండి పెట్టి ఊరికే కూర్చోదు. నా కూతుర్ని ఒళ్లోకి లాక్కుని ఆ కథంతా మొదటినుంచీ చెబుతుంది. కన్యాకుమారి దాకా వచ్చేసరికి గొంతు మారుతుంది. "వారానికి రెండే బండ్లట! రోజుకొకటి నడిపితే వాళ్ల సొమ్మేం పోయేదే? వాళ్ల రైలు కూల, నా తమ్ముణ్ని తిన్నది," అని శాపనార్థాలు పెడుతుంది. పిల్ల నా వైపు చూస్తుంది. నేను లేచి వంటింట్లోకి పోతాను.

అమ్మకు చదువు రాదు. అందుకే ఇదంతా రాయగలిగాను.